కొలంబో చెట్టిల మూలాలు, విలీనం: సైమన్ కాసిచెట్టి, మైకేల్ ఒండాట్జీ రచనల పరిశీలన

శ్రీలంకలో కొలంబో చెట్టిలుగా వ్యవహరింపబడే సమాజం తమిళ తీరం నుండి వలస వెళ్ళిన వర్తకుల సంతతి. పోర్చుగీసు, డచ్చి పాలనల కాలంలో కొలంబో పరిసరాలలో స్థిరపడిన ఈ కుటుంబాలలో అధిక భాగం క్రైస్తవాన్ని స్వీకరించింది. బ్రిటిష్ కాలంలో వడ్డీ వ్యాపారానికి వెళ్ళిన నాటుకోట్టై చెట్టియార్లు వీరికి పూర్తిగా భిన్నులు. వారు శైవాన్ని వదలలేదు. చెట్టినాడుతో రాకపోకలనూ తెంచుకోలేదు. వీరిద్దరినీ ఒకే సమాజంగా భావించడం పొరపాటు.

ఈ పొరపాటుకు మూలం పేరులోనే ఉంది. సంస్కృత ‘శ్రేష్ఠి’ ప్రాకృతంలో ‘సెట్ఠి’ అయి, తెలుగులో శెట్టిగా, తమిళంలో చెట్టిగా, సింహళంలో హెట్టిగా నిలిచిందన్నది ప్రసిద్ధమైన వ్యుత్పత్తి. తెలుగునాట కోమట్ల పేర్ల చివరా, బలిజల పేర్ల చివరా శెట్టి కనిపిస్తుంది. అంతమాత్రాన ఆ రెండింటినీ ఒకే కులంగా ఎవరూ లెక్కించరు. లంకలో హెట్టిఆరచ్చి, హెట్టిగె వంటి ఇంటిపేర్లు గలవారు నేడు సింహళీయులుగానే పరిగణింపబడుతున్నారు. ఈ పదం వృత్తిని, గౌరవాన్ని సూచించగలదు గాని, ఒంటరిగా వంశాన్ని నిరూపించలేదు.

ఈ సమాజం నుండి వచ్చిన ఇద్దరు రచయితలు తమ మూలాలతో వ్యవహరించిన తీరు పరస్పర విరుద్ధమైనది. మొదటివారు సైమన్ కాసిచెట్టి (1807–1860). ఆయన పుట్టింది కొలంబోలో కాదు, కల్పిట్టిలో. సమాజం పేరులోని ‘కొలంబో’ను కూడా అక్షరాలా తీసుకోరాదని దీనివల్ల తెలుస్తుంది. 1834లో ‘సిలోన్ గెజిటీర్’ను, 1859లో ‘తమిళ ప్లూటార్క్’ను ఇంగ్లీషులో వెలువరించారు. రెండవది తమిళ కవుల జీవిత సంగ్రహం. 1829లో కావలి వెంకట రామస్వామి దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో ప్రకటించిన ప్రయత్నంతో దీనిని పోల్చి చదవడం తెలుగు పరిశోధకులకు ప్రయోజనకరం. ఇద్దరూ వలస ప్రభుత్వ భాషలోనే తమ సాహిత్యానికి పూర్వచరిత్రను కూర్చారు. అయితే రామస్వామి తన భాషాప్రాంతంలో పుట్టినవాడు. కాసిచెట్టి మాత్రం సముద్రానికి ఆవల, క్రైస్తవ కుటుంబంలో పుట్టి తమిళ కవిపరంపరను తనదిగా భావించారు. మతం మారినా, ఉద్యోగం బ్రిటిష్ కొలువులో చేసినా, ఆయన దృష్టిలో మూలమంటే రక్తసంబంధం కాదు, భాష.

రెండవవారు మైకేల్ ఒండాట్జీ. 1982లో వెలువడిన ఆయన ‘రన్నింగ్ ఇన్ ద ఫ్యామిలీ’లో మూలపురుషుడు ఒక వైద్యుడు. 1600లో లంకకు వచ్చి, ఏదో మూలికతో గవర్నరు కుమార్తెకు నయం చేసి, భూమిని, విదేశీ భార్యను, డచ్చి వర్ణక్రమంలో కొత్త పేరును పొందాడని కథకుడు చెబుతాడు. చరిత్ర ఈ తేదీని అంగీకరించదు. డచ్చివారి నౌకాధిపతి స్పిల్‌బెర్గెన్ లంకలో దిగింది 1602లో. కొలంబో వారి వశమైంది 1656లో. తంజావూరు నుండి వైద్యుడు మైకేల్ జూరీ ఒండాట్జీ వచ్చింది 1659లోనని వంశావళి చెబుతుంది. ఆరు దశాబ్దాల ఈ తేడాను జ్ఞాపకకథకు ఉండే స్వేచ్ఛగా సరిపెట్టుకోవచ్చు. కాని ఆ స్వేచ్ఛ దేనిని దాచిందో కూడా చూడాలి. మూలపురుషుణ్ణి గవర్నరు అనుగ్రహం పొందిన ఏకాకిగా చూపడం వల్ల అతని వెనుక ఉన్న సమాజం, వలస మార్గాలు, మతం మార్పిడి కథ నుండి జారిపోయాయి. మరొక విషయం: వర్తక కులంగా పేరుపడిన సమాజంలో లెక్కింపబడే ఈ వంశానికి ఆద్యుడు వర్తకుడు కాదు, వైద్యుడు. ‘చెట్టి’ అన్న ముద్ర ఎంత వదులైనదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

విలీనం కూడా ఒకే దిశలో సాగలేదు. ఒండాట్జీ వంశంలో యూరోపియన్ సంబంధాలు కలిసి బర్గర్ సమాజం వైపు నడిచాయి. అదే వంశానికి చెందిన క్వింట్ ఒండాట్జీ (1758–1818) కొలంబోలో పుట్టి, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పేట్రియట్ ఉద్యమానికి నాయకుడయ్యాడు. మరికొన్ని చెట్టి కుటుంబాలు సింహళంలో కలిసిపోయాయి.

ఒండాట్జీ పుస్తకంలో తండ్రి తనను సిలోన్ తమిళుడినని చెప్పుకుంటాడు; మూడు శతాబ్దాల నాడైతే ఆ మాట ఎక్కువ చెల్లేదని కథకుడు చమత్కరిస్తాడు. ఈ చమత్కారమే పుస్తకం బలం, బలహీనత కూడా. ఒండాట్జీ కవిత్వంలో భేదస్పృహ లోపించిందని అరుణ్ ముఖర్జీ 1985లో చేసిన విమర్శ ఈ గద్యానికీ కొంత వర్తిస్తుంది. అయితే రచయిత కల్పించుకున్న ఉదాసీనతగా మాత్రమే దానిని తీసిపారేయరాదు. తోటలు, మద్యం, గుర్రప్పందాల మధ్య బతికిన ఆ వర్గానికి జాతి అనేది నవ్వుతూ ఎంచుకోగలిగిన మాటే. పుస్తకం వెలువడిన మరుసటి ఏడాది, 1983 జూలైలో, కొలంబో వీధుల్లో తమిళుడిగా గుర్తింపబడటం ప్రాణాంతకమైంది. ఆ తరువాత చదివే పాఠకునికి తండ్రి మాట మునుపటిలా నవ్వు తెప్పించదు.

1838లో సిలోన్ శాసనసభలో తమిళుల ప్రతినిధిగా నియమింపబడిన వ్యక్తి సైమన్ కాసిచెట్టి. 2012 జనగణనలో ‘శ్రీలంక చెట్టి’ శ్రీలంక తమిళుల నుండి వేరుపడిన ప్రత్యేక జాతివర్గం.