ఆకురాయి పట్టే ముందు

చిన్న టూ స్ట్రోక్ బండి అసలు గుణం మట్టి ట్రాక్ మీద, మలుపు తిరిగి బయటపడే చోట తెలుస్తుంది. వేగం పడిపోయి ఉంటుంది, ఎదురుగా ఎత్తు ఉంటుంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఇంజిన్ గొణుగుతుందే తప్ప లాగదు. నడిపేవాడు హాఫ్ క్లచ్‌తో తంటాలు పడి ఆర్‌పీఎం పైకి తెస్తాడు. అప్పుడు ఉన్న బలమంతా ఒక్కసారిగా మీద పడి వెనక చక్రం గిర్రున తిరుగుతుంది. మెకానిక్కులు ‘కింద పికప్ లేదు’ అనేది దీన్నే. 85 సీసీ పిల్లల మోటోక్రాస్ బండ్లకూ, మట్టి రేసుకు మార్చుకున్న మన ఆర్‌ఎక్స్ 100కీ ఇది ఉమ్మడి ఫిర్యాదు.

ఈ మాట వినగానే బోరు విప్పి గ్రైండర్ తీసేవాళ్లు ఎక్కువ. పని తెలిసినవాళ్లు మాత్రం అక్కడిదాకా రావడానికి చాలా ఆలస్యం చేస్తారు, చాలాసార్లు అసలు రారు. కింది పికప్‌కి కావలసిన లోహం బోరులో ముందే ఉంది. దాన్ని అరగదీయకుండా ఉంచడమే సగం పని.

ఎందుకో తెలియాలంటే సైలెన్సర్ దగ్గర మొదలుపెట్టాలి. ఇలాంటి టూ స్ట్రోక్‌ల హెడ్డులో వాల్వులు ఉండవు. బోరు గోడకున్న పోర్టులను పిస్టనే తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తాజా మిశ్రమం లోపలికి వచ్చేటప్పుడు పొగ పోయే దారి ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి కొంత పెట్రోలు మండకుండానే బయటికి జారుకుంటుంది. దాన్ని వెనక్కి నెట్టేది సైలెన్సర్ పొట్టలోంచి తిరిగొచ్చే ఒత్తిడి అల. బావిలోకి వేసిన కేక తిరిగొచ్చినట్టు, పైపు చివరి శంకువుకు తగిలి ఆ అల వెనక్కి మళ్లుతుంది.

వేడి పొగలో అల సెకనుకు దాదాపు 500 మీటర్లు పోతుంది. పైపు పొడవు మారదు కాబట్టి అది తిరిగొచ్చే సమయమూ దాదాపు మారదు. ఎగ్జాస్ట్ పోర్టు అర చుట్టు తెరిచి ఉంటుందనుకుంటే 10,000 ఆర్‌పీఎం వద్ద అది తెరిచి ఉండే సమయం 3 మిల్లీసెకన్లు, 5,000 వద్ద 6. పై వేగానికి కుదిర్చిన అల కింది వేగంలో పోర్టు మూసుకునే వేళకు చాలా ముందే వచ్చి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మిశ్రమానికి అడ్డు ఉండదు. కింద బండి గొణగడానికి అసలు కారణం ఇది.

ఈ అలను పట్టుకుని పనిచేయించిన మేధావి వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలోని చోపావులో ఎంజెడ్ మోటార్ సైకిల్ కంపెనీ రేసు విభాగం ఆయన చేతిలో ఉండేది. డబ్బు తక్కువ, పరికరాలు తక్కువ. అయినా 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజిన్ 25 హార్స్ పవర్ ఇచ్చింది, అంటే లీటరుకు 200. ఆ ఏడాదే ఆయన రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. జపాన్ టూ స్ట్రోకుల వైభవానికి దారి అలా తెరుచుకుంది. అదంతా పై ఆర్‌పీఎం కోసం జరిగిన పోరాటం. మట్టి మీద నడిపేవాడు అదే లెక్కను తిరగేసి వేసుకోవాలి.

మొదటి మందు చైన్ స్ప్రాకెట్. ముందు 14 పళ్లు, వెనక 48 ఉంటే నిష్పత్తి 3.43. ముందుది 13 చేస్తే 3.69. ఒక్క పన్ను తగ్గితే చక్రానికి అందే లాగుడు ఏడెనిమిది శాతం పెరుగుతుంది. అదే ఫలితం వెనక రాబట్టాలంటే దాదాపు నాలుగు పళ్లు పెంచాలి. టాప్ స్పీడు కాస్త తగ్గుతుంది, కానీ మట్టి ట్రాక్‌లో దాని అవసరం ఎంతని? చాలామంది ఫిర్యాదు ఈ ఒక్క మార్పుతోనే తీరిపోతుంది.

తర్వాత కార్బురేటర్. కింద లాగట్లేదని మెయిన్ జెట్ మార్చడం వృథా, అది దాదాపు ఫుల్ యాక్సిలరేటర్ మీదే పనిచేస్తుంది. పావు వంతు లోపల ఏలేవి పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ, స్లయిడ్ కోత. మిశ్రమంలో పెట్రోలు మరీ తగ్గితే పిస్టన్ సీజ్ అయ్యే ప్రమాదం ఉంది కనుక ప్లగ్గు రంగు చూసుకుంటూ పోవాలి. కాఫీ రంగుంటే సరే, తెల్లబడితే ఆగాలి.

ఆ పక్కనే ఉండేది రీడ్ వాల్వ్. యమహా 1972లో ‘టార్క్ ఇండక్షన్’ పేరుతో తన బండ్లలో తెచ్చింది దీన్నే, ఆర్‌ఎక్స్ 100లోనూ ఉంది. క్రాంక్ కేసులోకి వెళ్లిన మిశ్రమం తిరిగి కార్బురేటర్‌లోకి ఎగదన్నకుండా ఆపడం దీని పని. రీడ్ దిమ్మెను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. రేకుల అంచున గీతలా వెలుగు కనిపించిందంటే అవి సరిగా కూర్చోవడం లేదు. కాస్త మెత్తని రేకులు వేస్తే తక్కువ పీల్పుకే తెరుచుకుంటాయి, కింద పికప్ మెరుగుపడుతుంది.

ఇక హెడ్డు. పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని అంచుకూ హెడ్డుకూ మధ్య మిగిలే సందే స్క్విష్. దీన్ని కొలవడానికి మెత్తటి సోల్డరింగ్ తీగ చాలు. ప్లగ్గు రంధ్రంలోంచి తీగను బోరు గోడకు తగిలేదాకా దూర్చి, ఇంజిన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన కొసను వెర్నియర్‌తో కొలుస్తారు. తీగ పిస్టన్ పిన్ను బారునే ఉండాలి, లేకపోతే పిస్టన్ పక్కకు ఒరిగి లెక్క తప్పుతుంది. ఈ తరగతి ఇంజిన్లలో సందు 1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే మంచిది. అంతకు బాగా ఎక్కువుంటే బోరు కింద పలుచని ప్యాకింగ్ వేయవచ్చు. కంప్రెషన్ పెరుగుతుంది, పోర్టులన్నీ కాస్త దిగుతాయి. ఆర్‌ఎక్స్ 100లో బోరూ స్ట్రోకూ 50 మిల్లీమీటర్లే. అందులో ఎగ్జాస్ట్ పోర్టు ఒక్క మిల్లీమీటరు జరిగితే అది తెరిచి ఉండే వ్యవధి నాలుగైదు డిగ్రీలు మారుతుంది. దిగితే కింద లాగుడు వస్తుంది, ఎక్కితే పైన అరుపు వస్తుంది. గ్రైండర్ పట్టినవాడి చేయి ఎప్పుడూ పైకే పోతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మాగ్నెట్‌కు బరువు జోడించడం ఇంకో పద్ధతి. దాంతో హార్స్ పవర్ ఏమీ పెరగదు. అయితే ఇంజిన్ చటుక్కున ఆగిపోదు, చక్రం వృథాగా తిరగదు, జారుడు నేల మీద బలం మెత్తగా అందుతుంది. సైలెన్సర్ మార్చాలనుకుంటే పొడవాటి మెడ ఉన్నది వెతకాలి. అల ఆలస్యంగా తిరిగొస్తుంది కాబట్టి కింది ఆర్‌పీఎంకు కలిసొస్తుంది. శబ్దం కోసం లోపలి సరుకంతా పీకేసిన సైలెన్సర్ చెవులకు విందే గానీ, కింద ఉన్న కాస్త పికప్‌నూ తరచుగా మింగేస్తుంది.

కంపెనీలూ చివరికి ఈ లెక్కకే వచ్చాయి. ఎగ్జాస్ట్ పోర్టు పైభాగంలో కదిలే కవాటం పెట్టి, కింది వేగంలో పోర్టును పొట్టిగా, పైన పొడవుగా చేయడమే పవర్ వాల్వ్. యమహా తన వైజెడ్ 85లో 2019 మోడల్ నుంచి దాన్ని అమర్చింది. పోర్టును ఎక్కువ తవ్వితే పోయేదేమిటో, తగ్గిస్తే వచ్చేదేమిటో ఒకే బోరులో చూపించే ఏర్పాటు అది.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. వాటిని ఇప్పటికీ కదిలించేది ఈ చేతి విద్యే. దీనికి ఒక క్రమశిక్షణ ఉంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి, అదే మలుపులో నడిపి చూడాలి. స్ప్రాకెట్, జెట్, రీడ్ రేకు, ప్యాకింగ్ నచ్చకపోతే గంటలో వెనక్కి పెట్టేయవచ్చు. ఆకురాయి తీసిన లోహాన్ని ఎవరూ తిరిగి పెట్టలేరు. అసలు బోర్లు దొరకడమే కష్టమవుతున్న బండికి ఆ తేడా తెలిసిన మెకానిక్కే నిజమైన ట్యూనర్.