అలెగ్జాండర్ మీకల్‌జాన్ విద్యాదర్శనం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అలెగ్జాండర్ మీకల్‌జాన్ (1872–1964) అమెరికాలో ఉదార విద్యకు తాత్త్విక ప్రాతిపదికను కల్పించిన వారిలో ముఖ్యుడు. ఆయన నడిపిన రెండు విద్యాసంస్థల అనుభవాన్ని, వాక్‌స్వాతంత్ర్యంపై ఆయన సిద్ధాంతంతో కలిపి పరిశీలించి, ఆయన వైఫల్యాలకు బాహ్య పరిస్థితులతోపాటు ఆయన భావనలోని అంతర్వైరుధ్యమూ కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉదార విద్య, పాఠ్యప్రణాళిక, ప్రజాస్వామ్యం, వాక్‌స్వాతంత్ర్యం.

1. ఉపోద్ఘాతం:
పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాల్లో అమెరికా ఉన్నత విద్యను రెండు ధోరణులు మార్చివేశాయి. ఒకటి జర్మన్ నమూనాలో వెలసిన పరిశోధన విశ్వవిద్యాలయం. రెండోది హార్వర్డ్‌లో చార్లెస్ ఎలియట్ విస్తరింపజేసిన ఐచ్ఛిక పాఠ్యవిధానం. వీటివల్ల జ్ఞానం విస్తరించింది గాని, విద్యార్థికి శకలాలుగానే అందింది. ఆ శకలాలను కలిపే సూత్రమేదన్నదే మీకల్‌జాన్ జీవితకాల ప్రశ్న. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరిన ఆయన బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1901 నుంచి 1912 వరకు అక్కడే డీన్‌గా పనిచేశారు.

2. ఆమ్‌హర్స్ట్ అధ్యక్షత (1912–1923):
కళాశాల ప్రధానంగా బౌద్ధిక వ్యవసాయ క్షేత్రమని, క్రీడలు, సాంఘిక కార్యకలాపాలు దానికి అనుబంధాలు మాత్రమేనని ఆయన అధ్యక్షోపన్యాసంలోనే ప్రకటించారు. మొదటి సంవత్సరం విద్యార్థులకు సామాజిక, ఆర్థిక సంస్థల అధ్యయనాన్ని ప్రవేశపెట్టారు. వాల్టన్ హామిల్టన్ వంటి యువ అధ్యాపకులను నియమించారు. విద్యార్థులు ఉత్తేజితులయ్యారు, పాత అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, ధర్మకర్తలు దూరమయ్యారు. ఆయన వ్యక్తిగత అప్పులు కూడా వివాదానికి తోడయ్యాయి. చివరకు 1923లో ధర్మకర్తల ఒత్తిడితో రాజీనామా చేశారు. పలువురు అధ్యాపకులు ఆయన వెంట వైదొలగగా, కొందరు విద్యార్థులు స్నాతకోత్సవంలో పట్టాలు నిరాకరించారు.

దీనిని సంప్రదాయవాదుల చేతిలో సంస్కర్త ఓటమిగా మాత్రమే చూడటం అసమగ్రం. విద్యార్థులను తర్కంతో ఒప్పించిన అధ్యక్షుడు, సహాధ్యాపకుల విషయంలో ఒప్పించడం కన్నా కొత్త నియామకాలపైనే ఎక్కువగా ఆధారపడ్డారు.

3. ప్రయోగాత్మక కళాశాల (1927–1932):
గ్లెన్ ఫ్రాంక్ ఆహ్వానంపై విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆయన రెండేళ్ల ప్రయోగాత్మక కళాశాలను ప్రారంభించారు. మొదటి ఏడు క్రీ.పూ. అయిదో శతాబ్ది ఏథెన్స్, రెండో ఏడు ఆధునిక అమెరికా అధ్యయనాంశాలు. మధ్యలో ప్రతి విద్యార్థీ తాను ఎరిగిన ప్రాంతాన్ని పరిశీలించి నివేదిక రాయాలి. శాస్త్ర విభజనలు లేవు. అధ్యాపకులు సలహాదారులుగా వ్యవహరించారు. ఒక నాగరికతను సమగ్రంగా అర్థం చేసుకున్నవాడు తన నాగరికతను ప్రశ్నించగలడన్నది ఇందులోని యుక్తి. ఇది నేటికీ విలువైనదే. అయితే ఆర్థిక మాంద్యం, తగ్గిన ప్రవేశాలు, ఇతర అధ్యాపకుల వ్యతిరేకత కలిసి 1932లో దానిని ముగించాయి. ప్రజాస్వామ్య పౌరులను తీర్చిదిద్దదలచిన ఆ కళాశాలలో స్త్రీలకు ప్రవేశం లేకపోవడం గమనించవలసిన లోపం.

4. సభ – సభాధ్యక్షుడు:
1948లో వెలువడిన వాక్‌స్వాతంత్ర్య గ్రంథంలో మీకల్‌జాన్ పౌరసభను ఉపమానంగా తీసుకున్నారు. ప్రతివాడూ మాట్లాడటం కాదు, చెప్పదగినదంతా సభ ముందుకు రావడమే ప్రధానమన్నది అందులోని సారం. ప్రజావిషయాలపై ప్రసంగానికి సంపూర్ణ రక్షణ ఉండాలని ఆయన వాదించారు. ప్రజావిషయానికీ వ్యక్తిగత విషయానికీ మధ్య గీత గీయడం కష్టమని న్యాయకోవిదుడు జెకరయా చేఫీ ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను మరో అడుగు ముందుకు తీసుకుపోతే, ఏది చెప్పదగినదో నిర్ణయించే సభాధ్యక్షుణ్ణి ఎవరు ప్రశ్నిస్తారన్న సందేహం తలెత్తుతుంది. ఆమ్‌హర్స్ట్‌లో పరిష్కారం కాని ప్రశ్న కూడా ఇదే. అక్కడ ఆ స్థానంలో ఉన్నది ఆయనే.

5. ముగింపు:
మీకల్‌జాన్ సంస్థలు నిలవకపోయినా, ఆయన ప్రశ్న నిలిచింది. జ్ఞానశకలాలను కలపకుండా డిగ్రీలిచ్చే కళాశాల దానికి జవాబు చెప్పవలసిందే. కాని ఆ సమైక్యతను ఒక అధ్యక్షుని దార్శనికత పైనుంచి ప్రసాదించలేదు. బోధించేవారందరూ చర్చించి అంగీకరించినప్పుడే అది సాధ్యం. ఆయన సిద్ధాంతం బోధించిన ఈ పాఠాన్ని ఆయన పరిపాలన పూర్తిగా ఆచరించలేకపోయింది.