కాపురానికి కట్టిన ఇల్లు

డకబుష్ నది పక్కన, ఆకాశాన్ని కప్పేసిన ఫర్ చెట్ల నీడలో, నూరేళ్ళు దాటినా నడుం వంచని దుంగల ఇల్లూ, నీకు దండం.

సియాటిల్‌లో పడవెక్కి, అవతలి ఒడ్డున దిగి, హుడ్ కెనాల్ ఉప్పునీళ్ళ వెంట దక్షిణంగా వచ్చాం. పెద్ద రోడ్డు వదిలి నది పేరే పెట్టుకున్న చిన్న రోడ్డు పట్టుకున్నాక చెట్లు దగ్గరపడ్డాయి, వెలుతురు పచ్చబడింది. అమ్మ మాట్లాడటం మానేసింది. ఊళ్ళో గుడి మెట్లెక్కేటప్పుడు ఆమె అలాగే మౌనంగా ఉంటుంది.

నీ పేరు ఇంటరోరెమ్. నువ్వు పుట్టింది 1907లో. అప్పటిదాకా రిజర్వులన్న అమెరికా ప్రభుత్వ అడవులను నేషనల్ ఫారెస్టులని పిలవడం మొదలైన ఏడాది అది. ఒలింపిక్ అడవికి నువ్వే తొలి కచేరీవి. ఆ గొప్ప రికార్డుల్లో ఉండనీ. నా మనసు పట్టుకున్నది వేరే మాట: నిన్ను కట్టిన రేంజరు ఎమెరీ ఫించ్, ఆ మరుసటి వసంతంలో కొత్త పెళ్ళికూతురు మేబెల్‌ను తీసుకొచ్చి నీలోనే కాపురం పెట్టాడు. లోకంలో ఎన్ని సర్కారు కట్టడాలకు దక్కింది ఆ భాగ్యం? నీ గడప మొదట చూసింది ఫైళ్ళను కాదు, పెళ్ళికూతురి పెట్టెను అనుకుంటాను నేను.

అమ్మ వడ్రంగి బిడ్డ. గోదావరి ఒడ్డున, చెక్కపొట్టు వాసనలో పెరిగింది. లోపలికి రాకుండా ముందు అరుగు మీదే ఆగి, గోడ మూల దగ్గర అరచెయ్యి ఆనించింది. బెరడు ఒలిచిన దుంగలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూలన ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్నాయి. వేలితో ఆ అతుకు వెంట మెల్లగా రాసింది. నున్నగా ఉన్నచోట వేలు జారింది, గరుకు తగిలినచోట ఆగింది. "ఇది చేతిపని నాన్నా. మా నాయన బాడిస పట్టినా ఇలాగే ఉండేది" అంది. సముద్రాల అవతల చనిపోయిన మా తాత ఆ క్షణాన నీ అరుగు మీద నిలబడ్డాడు. అందుకే నీకు రెండోసారి దండం.

నీలో కరెంటు లేదు, కుళాయి లేదు. నీళ్ళు మేమే డబ్బాల్లో పట్టి, బిందెల్లా మోసుకొచ్చాం. ముఖం కడగడానికి దోసెడు, కాఫీకి గ్లాసెడు. నీటికి మళ్ళీ కొలత వచ్చింది. సందె వాలగానే అమ్మ లాంతరు వెలిగించి, అలవాటుగా చేతులు జోడించింది. ఏ దేవుడికని నేను అడగలేదు. ఆ వెలుగులో దుంగల గోడలు తేనెరంగుకొచ్చాయి.

రాత్రి వాన పట్టింది. పైకప్పు మీద చినుకు, దాని వెనక నది. ఏది ఏదో తెలియకుండా కలిసిపోయిన ఆ చప్పుడు 1908లో మేబెల్ కూడా విన్నదే. ఈ నీళ్ళ పక్కన ఆమెకంటే ఎన్నో తరాల ముందు నుంచీ ట్వానా జనం బతికారు. డకబుష్ అన్న పేరు వాళ్ళ భాషే. ఆ మాట మరిచి నిన్ను పొగిడితే పొగడ్త సగమే అవుతుంది.

పెళ్ళికూతురి తర్వాత నీలోకి కుర్రాళ్ళొచ్చారు. 1933 నుంచి 1942 దాకా, ఆర్థిక మాంద్యం రోజుల్లో పనిలేని లక్షల మంది యువకులను రూజ్వెల్ట్ ప్రభుత్వం అడవి పనుల్లో పెట్టింది. వాళ్ళ నెల జీతం 30 డాలర్లు, అందులో 25 ఇంటికే వెళ్ళేవి. ఇంటికి డబ్బు పంపే కొడుకులు నీ కప్పు కింద తలదాచుకున్నారు. నేనూ అలాంటి కొడుకునే. ఆ రాత్రి వాళ్ళు నాకు పరాయివాళ్ళు కాలేదు.

తెల్లవారి నీ వాకిట్లోంచే మొదలయ్యే కాలిబాటన, మైలు కూడా లేని దారిలో రేంజర్ల మడుగుకు వెళ్ళాం. నాచు తొడుక్కున్న మేపుల్ కొమ్మలు, మోకాలెత్తు ఫెర్న్ పొదలు, చివర రాళ్ళ మధ్య ఒరుసుకుని పారే పచ్చనీళ్ళు. పాతకాలం రేంజర్లు చేపలు పట్టుకున్న చోటది. అమ్మ రాయి మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి, చలికి కళ్ళు మూసుకుని నవ్వింది.

అద్దాల వెనక పెట్టి, తాడు కట్టి, ముట్టుకోవద్దని రాస్తే నువ్వు మ్యూజియం అయ్యేదానివి. నిన్ను అద్దెకిచ్చి మంచి పని చేశారు. మనిషి పడుకోని ఇల్లు ఎంత గట్టిదైనా పాడుపడుతుంది. నీలో ఇంకా ఎవరో ఒకరు అన్నం తింటున్నారు, పిల్లల్ని జోకొడుతున్నారు, పొద్దున్నే తలుపు తీసి వాన చూస్తున్నారు.

చదువుతున్న మీరు ఎప్పుడైనా అక్కడికి వెళ్తే నీళ్ళు మీరే పట్టుకెళ్ళండి, చెత్త మీరే వెనక్కి తెచ్చుకోండి. గోడల మీద పేర్లు చెక్కకండి. వచ్చేటప్పుడు ఇల్లు ఊడ్చి రండి. మేమూ ఊడ్చే వచ్చాం. చీపురు తలుపు వెనకే ఆనించి ఉంది.