ఉలి తాకని డ్రాగన్

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం గంటలు కొట్టే గడియారం దగ్గరా, మేలిముసుగు రెబెక్కా దగ్గరా ఆగుతారు. జేడ్ గదికి వచ్చేసరికి నూర్జహాన్ పండ్లకత్తినీ, జహంగీర్ బాకునూ చూసి, ఖరీదెంతో అనుకుంటూ సాగిపోతారు. (పచ్చ అంటే మనకు మరకతం గనుక జేడ్ అనే రాస్తున్నాను.) ఆ రాతిపనిని ఎలా చూడాలో మనకు అలవాటు కాలేదు.

అలవాటు చేసుకోవడానికి ప్రాచీన చైనా డ్రాగన్లను మించిన పాఠం లేదు. 1971లో ఇన్నర్ మంగోలియాలోని సాన్‌సింగ్‌తాలా గ్రామంలో ఒకటి దొరికింది. హోంగ్‌షాన్ సంస్కృతిది, సుమారు 5,000 ఏళ్ల నాటిది అంటారు. ఎత్తు 26 సెంటీమీటర్లు. పొలుసులు లేవు, కాళ్లు లేవు, కొమ్ములు లేవు. ముదురాకుపచ్చ ఒళ్లు కొక్కెంలా వంగి ఉంటుంది. జూలు ఒక్కటే గాలికి లేచినట్టు వెనక్కి ఎగురుతుంది. చైనాలో హ్వాషియా బ్యాంకు దీన్నే తన గుర్తుగా పెట్టుకుంది. బ్యాంకుల అభిరుచిని మెచ్చుకునే అవకాశం నాకు తరచుగా రాదు.

దీన్ని 'చెక్కారు' అని రాయడం పొరపాటు. జేడ్‌లో సన్నని పీచులు పెనవేసుకుని ఉంటాయి, ఉలికి లొంగదు. తడి ఇసుకతో రుద్ది రుద్ది అరగదీయవలసిందే. పని పేరు సాన. పీణ్యలో గ్రైండింగ్ షెడ్లు నడిపేవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు: అరిగింది తిరిగి రాదు. అందుకే ఆ పనివాడు ఒక్క గీత గీయడానికీ ఆలోచించాడు. బేలూరు సబ్బురాయి మెత్తన, అక్కడ ఉలి నగల పూసలదాకా వెళ్లగలిగింది. బేలూరును తక్కువ చేయడం లేదు. 'ఎంత నగిషీ ఉంటే అంత గొప్ప' అన్న ఆ కొలబద్దను ఇక్కడికి తెస్తేనే చిక్కు.

చైనాలోనూ చివరికి ఆ కొలబద్దే గెలిచింది. 1976లో తవ్విన షాంగ్ రాణి ఫూహావ్ సమాధిలో 755 జేడ్ వస్తువులు దొరికాయి. వాటిలోని డ్రాగన్ల ఒంటినిండా గీతలున్నా, రాయి ఇంకా రాయిగానే బరువుగా కూర్చుంటుంది. 1759లో ఖోటాన్ ప్రాంతం చేతికొచ్చాక చియెన్‌లుంగ్ చక్రవర్తికి రాయి కొరత తీరింది. ఆ కొలువు డ్రాగన్లకు మేఘాలు, అలలు, పొలుసులు అన్నీ అమరాయి. శ్రమ కనిపిస్తుంది, ఊపిరి కనిపించదు.

హోంగ్‌షాన్ పనివాడు వీపున ఒకే ఒక రంధ్రం వేశాడు. దారం కట్టి వేలాడదీస్తే తలా తోకా ఒకే ఎత్తులో నిలుస్తాయంటారు.