తెర పట్టడమూ నాట్యమే

విశ్వవిద్యాలయ నృత్య విభాగాల్లో విద్యార్థులే పూనుకుని చేసే కూచిపూడి ప్రదర్శన అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆర్భాటంగా జరిగే రంగప్రవేశాల్లో అమ్మాయి నాట్యం ఒక్కటే చేస్తుంది. పాట, మృదంగం, మేకప్, లైట్లు అన్నీ డబ్బిచ్చి పిలిపించుకున్నవాళ్ల పని. హైదరాబాద్ విశ్వవిద్యాలయం సరోజినీ నాయుడు స్కూల్ లాంటి చోట కూచిపూడిలో పీజీ చేసే పిల్లలు సొంతంగా ఒక ప్రదర్శన తలపెడితే ఆ పనులు తలా ఒకటి పంచుకోక తప్పదు.

పాత భాగవత మేళాలు నడిచింది ఇలాగే. సత్యభామ కథ ఆడే భామాకలాపంలో సూత్రధారుడే నట్టువాంగం (తాళాలతో లయ నడపడం) చేసేవాడు, పాడేవాడు, కథ నడిపేవాడు. సత్యభామ దగ్గర మాధవి అయ్యేవాడూ, కృష్ణుడి దగ్గర మాధవుడయ్యేవాడూ అతనే.

ఇందులో తెర సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇద్దరు అటూ ఇటూ పట్టుకునే తెర వెనక సత్యభామ నిలబడి, తన జడను తెర మీదుగా ప్రేక్షకుల వైపు వేస్తుంది. విద్యలో నన్ను గెలవగలవాళ్లుంటే రండని సవాలు అది. తెర మరీ ఎత్తుగా పడితే జడ సగమే కనిపిస్తుంది, కిందికి జారితే ప్రవేశానికి ముందే ముఖం బయటపడుతుంది. పైగా జడను లోపలికి తీసుకునేటప్పుడు కుచ్చులు అంచుకి తగులుకోకుండా చూసుకోవాలి. జతికి ముగింపైన తీర్మానం పూర్తయిన దెబ్బకే తెర తొలగాలి. అందుకే తెర పట్టేవాళ్లకీ ఆ జతి కంఠతా రావాలి. జూనియర్లకు ఈ పని అప్పగించడం చాలా మంచి పద్ధతి. సీనియర్ పాదాల్ని అంత దగ్గరగా చూసే అవకాశం క్లాసులో కూడా రాదు.

తర్వాతది నట్టువాంగం. ఖర్చుకు వెరచి చాలామంది రికార్డు చేసిన ట్రాకు పెట్టేస్తారు. ట్రాకు ఎవరికోసమూ ఆగదు. ప్రత్యక్షంగా పాడుతుంటే అలా కాదు. సంచారి (పాట భావాన్ని విస్తరించే అభినయం) మధ్యలో పాపిడిబిళ్ల ఊడి కంటికి అడ్డం పడిందనుకోండి, తాళాలు పట్టిన అమ్మాయి గాయకురాలికి సైగ చేసి ఆ పాదాన్నే మరోసారి పాడిస్తుంది. ఈలోగా నర్తకి అభినయంలోనే చెయ్యి పైకెత్తి బిళ్లను సర్దుకుంటుంది. ప్రేక్షకులకు అది సత్యభామ సింగారంలా కనిపిస్తుంది. వేరేచోట పొదుపు చేసుకుని అయినా సరే, కనీసం ఒక అంశానికి ప్రత్యక్ష వాద్యం పెట్టుకోమని పిల్లలకు చెబుతాను.

కూచిపూడికి ప్రాణం వాచికం, అంటే నర్తకి వేదిక మీద పలికే మాటలు. జతి ముగియగానే ఆయాసం తెలియకుండా మాట పలకడం చాలా కష్టం. అందుకే రిహార్సల్‌ మొదటినుంచీ గజ్జెలు కట్టుకుని, పూర్తి అడుగులు వేస్తూనే మాటలు చెప్పాలి. కాలర్ మైకు హారాలకు రాసుకుంటే హాలంతా గరగర. సౌండ్ చెక్‌ను నగలు పెట్టుకున్నాకే చేయాలి.

లైట్ల దగ్గరే ఉత్సాహం దారి తప్పుతుంది. నీలం, ఆకుపచ్చ వెలుగులో ఎర్రటి పెదవులు నల్లబడతాయి, ఎరుపు వెలుగులో పాదాల పారాణి కనిపించకుండా పోతుంది. ముఖం మీద సమంగా పడే వెచ్చని పసుపు వెలుగుంటే అభినయానికి చాలు. పూర్వం పాత్ర ప్రవేశానికి కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించేవారు. లైటు ఎప్పుడు ఎందుకు మారాలో వాళ్లకు తెలుసు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం ఉంటే ముందురోజే వేదిక మీద ఆ పళ్లెం వేసి చూసుకోవాలి. నున్నటి నేల మీద అది జారుతుంది.

ఒకప్పుడు ఈ వేషాలన్నీ మగవాళ్లవే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను ఇప్పటికీ తలుచుకుంటారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం నృత్యనాటకాన్ని నేటి ఆడిటోరియానికి తగ్గట్టు తీర్చిదిద్దారు. ఇవాళ క్యాంపస్‌లో సత్యభామా అమ్మాయే, కృష్ణుడూ అమ్మాయే, తాళాలు పట్టేదీ అమ్మాయే. ఇంత బాధ్యత మోసే ఈ పిల్లలకు మార్కులు మాత్రం వేషానికే పడితే అన్యాయం. తెర పట్టినందుకు, నట్టువాంగం చేసినందుకు, లైట్ల పట్టిక రాసినందుకు కూడా మార్కులుండాలి. వచ్చే ఏడు వేషాలు మారాలి, పనులూ మారాలి.