పదిహేను మేకలు, ఒక్క చెయ్యి

నవలలకి విమర్శ వుంది, సినిమాలకి వుంది, ఆఖరికి పెళ్ళివారి పప్పుచారుకి కూడా మనం విమర్శ చెప్పుకుంటాం. అట్టపెట్టెల్లో అమ్మే ఆటల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పిల్లలవి కదా అని వదిలేస్తారు. పిల్లలవి కావండీ! ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు నడుపుకుంటూ, బీరువా నిండా ఆటల పెట్టెలు పేర్చుకుంటున్నవాళ్ళు ఇప్పుడు జగిత్యాలలోనూ వున్నారు, కోరుట్లలోనూ వున్నారు. అలాంటివాళ్ళకి పెళ్ళిరోజుకో, గృహప్రవేశానికో ఏదైనా ఇవ్వాలనుకుంటే ఆటే ఇవ్వాలి. చీరె పెడితే మర్యాదకి తీసుకుంటారు, ఆట ఇస్తే మీ ఎదుటే విప్పుతారు.

ఈ మధ్య ఇలాంటివాళ్ళు ఎక్కువగా ముచ్చటపడుతున్నవి సహకార ఆటలు. అంటే ఒకళ్ళతో ఒకళ్ళు పోటీపడేవి కావు. ఆడేవాళ్ళంతా ఒక పక్షం, ఆట రెండో పక్షం. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. (అన్నట్టు, "సహకార" అనగానే సిరిసిల్ల వాళ్ళకి గుర్తొచ్చేది కరెంటు బిల్లు. అక్కడ ఇళ్ళకి కరెంటు ఇచ్చేది సహకార సంఘమే మరి!) ఈ సంగతి చెబితే జగిత్యాలలో మా అమ్మ ఒక పట్టాన నమ్మలేదు.

"అందరు కల్సి గెలుసుడేంది బిడ్డా? గట్లయితే ఓడేదెవరు?" అంది.

ఆవిడ సందేహం న్యాయమైనదే. జన్మంతా ఆవిడ ఆడింది అష్టాచెమ్మ. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఎదుటివాళ్ళ కాయనొకదాన్నైనా చంపితేగాని లోపలి గడుల్లోకి అడుగుపెట్టనివ్వని ఆట. వదినా మరదళ్ళు నవ్వుతూ నవ్వుతూనే చంపుకుంటారు.

అయితే కలిసి ఆడడం మనకి బొత్తిగా తెలియని విద్య కూడా కాదు. నలుగురు కూర్చుని పచ్చీసు ఆడితే ఎదురెదురుగా వున్నవాళ్ళు జోడీ. ఒకరి కాయలన్నీ పండితే చాలదు, జోడీవి కూడా పండితేనే గెలుపు. అందుకని పండబోతున్న కాయని పండించకుండా ఇంకో చుట్టు తిప్పి, వెనకబడ్డ జోడీకి సాయంగా వుంచడం కూడా ఆ ఆటలో వుంది. 1896లో ఇంగ్లండులో పేటెంటు పుచ్చుకున్న లూడో ఈ పచ్చీసు పిల్లే. మనం మామూలుగా ఆడే లూడోలో ఆ జోడీ లేదు, ఎవరి రంగు వాళ్ళది. సముద్రం దాటి వెళ్ళి, తోడుని అక్కడే పోగొట్టుకుని తిరిగొచ్చిన ఆట అది.

అసలు పోటీయే లేని ఆటలు కావాలని కెనడాలో జిమ్ డీకోవ్ అనే ఆయన 1972లోనే ఫామిలీ పాస్‌టైమ్స్ అని ఒక సంస్థ పెట్టాడు. 1986లో జర్మనీలో హాబా కంపెనీ పళ్ళతోట ఆటని తెచ్చింది. ఇంగ్లీషులో దాన్ని ఆర్చర్డ్ అంటారు. కాకి వచ్చి ఎత్తుకుపోయేలోగా పిల్లలంతా కలిసి ఆపిల్సూ, చెర్రీలూ కోసుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంటికి దీన్ని కళ్ళు మూసుకుని కొనివ్వొచ్చు. పెద్దవాళ్ళ విషయంలోనే కళ్ళు తెరవాలి.

పెద్దవాళ్ళ సహకార ఆటల్లో బాగా పేరు పడ్డది పాండెమిక్. మాట్ లీకాక్ అనే అమెరికన్ తయారుచేస్తే 2008లో వచ్చింది. ప్రపంచపటం మీద నాలుగు రోగాలు వ్యాపిస్తుంటాయి. ఒకరు వైద్యుడు, ఒకరు శాస్త్రజ్ఞుడు, ఇలా తలా ఒక పాత్ర. వంతుకి నాలుగే పనులు చెయ్యొచ్చు. ఒక ఊళ్ళో మూడు ముక్కలు పేరుకున్నాక నాలుగోది వచ్చిందా, రోగం చుట్టుపక్కల ఊళ్ళకి పాకుతుంది. గొప్ప అల్లిక, కాదనను. పటంలో ఢిల్లీ, ముంబాయి, కోల్‌కతా, చెన్నై వున్నాయి. హైదరాబాదు లేదు. ఆ అక్కసు పక్కనపెట్టే రాస్తున్నాను!

కోరుట్లలో మా అక్కగారింట్లో ఈ ఆట వుంది. ఒక రాత్రి భోజనాలయ్యాక నలుగురు ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. అక్క, అక్క కొడుకు, పెద్దబావగారు, అక్క చిన్న యారాలు. పెద్దబావగారికి లెక్క బాగా తెలుసు. మూడో వంతు వచ్చేసరికి నలుగురి ఆటా ఆయనే ఆడుతున్నారు. "నువ్వు లాగోస్ పో, నువ్వు గా ముక్క తియ్యి, నువ్వు ఊకో." మిగతా ముగ్గురూ ఆయన చెప్పిన చోటికి కాయ జరపడమే. అక్కకైతే మధ్యలో కునుకు కూడా పట్టింది.

చిన్న యారాలి వంతు వచ్చింది. పటంలో రియాద్ మీద రెండు నల్లముక్కలు వున్నాయి. ఆమె భర్త వుండేది రియాద్‌లో. ఆ వైపు ఇళ్ళల్లో గల్ఫులో మనిషి లేని ఇల్లు వెతికితేగాని దొరకదు. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు ఆ ఇళ్ళు ఎలా గడిపాయో నేను వేరే చెప్పక్కర్లేదు.

"అక్కడ రెండే వున్నయ్, ఏం కాదు. చెన్నై పో," అన్నారు పెద్దబావగారు.

"రియాద్ గట్లనే ఇడ్సిపెట్టుడా బావా?" అంది ఆమె. అని, తన కాయని రియాద్‌లోనే పెట్టింది.

ఆ ఆట ఓడిపోయారు. పెద్దబావగారు ముక్కలన్నీ వెనక్కి పేర్చి, ఎక్కడ తప్పిందో వివరంగా చూపించారు. ఆయన లెక్క సరైనదే కావచ్చు. కానీ ఆ గంటన్నరలో పెద్దబావగారు కాకుండా ఇంకొకరు ఆడిన ఎత్తు అదొక్కటే.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, చాలా సహకార ఆటల్లో వున్న లోపమే ఇది. సమాచారమంతా బల్లమీద పరిచి వుంటుంది, అందరూ అన్నీ మాట్లాడుకోవచ్చు. అప్పుడు బాగా తెలిసినవాళ్ళో, గొంతు పెద్దదైనవాళ్ళో మిగతావాళ్ళ వంతు కూడా తీసేసుకుంటారు. మన పులిమేక ఆట చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ కలిసికట్టుగా నిలబడి పులుల్ని కట్టేస్తాయి. ఐకమత్యమంటే ఇదీ అని పిల్లలకి చెబుతాం కూడా. కానీ ఆ పదిహేను మేకల్నీ జరిపే చెయ్యి ఒక్కటే కదా! దాన్ని సహకారమంటే మన వంటిళ్ళల్లో పండగపూట జరిగేదీ సహకారమే. ఒకరు ఆజ్ఞాపిస్తారు, నలుగురు ఉల్లిపాయలు తరుగుతారు.

"అది మనుషుల తప్పుగానీ ఆట తప్పెలా అవుతుంది?" అని మా మేనల్లుడు నాతో వాదించాడు. నేనొప్పుకోలేదు. ఆటంటేనే నియమాలు. ఫలానావారు ఫలానా వేళ నోరు మూసుకోవాలని ఇంట్లో చెప్పలేం. పెట్టెమీద అచ్చువేసి వుంటే పెద్దబావగారైనా పాటించాల్సిందే. అలాంటి నియమం పెట్టుకున్న ఆటలు వున్నాయి కాబట్టే, పెట్టుకోనివాటిని తప్పుపడుతున్నాను. లీకాక్‌గారే 2010లో చేసిన ఫర్‌బిడెన్ ఐలండ్ పాండెమిక్ కంటే చిన్నది, తేలికైనది. మునిగిపోతున్న ద్వీపం, నాలుగు నిధులు, చూడ్డానికి ముచ్చటగా వుంటుంది. కానీ అదే జబ్బు దానిలోనూ వుంది.

ఆంత్వాన్ బౌజా అనే ఫ్రెంచాయన చేసిన హనాబి చూడండి. 2013లో జర్మనీవాళ్ళు ఆ యేటి మేటి ఆటగా బహుమతి ఇచ్చారు. యాభై పేకముక్కలు, అయిదు రంగులు, ఒకటి నుంచి అయిదు వరకు అంకెలు. తమాషా ఏమిటంటే ఎవరి ముక్కలు వాళ్ళకి కనపడవు, బొమ్మ ఎదుటివాళ్ళవైపు తిప్పి పట్టుకోవాలి. మీ చేతిలో ఏముందో మీకు తప్ప అందరికీ తెలుసు. వాళ్ళు మీకు రంగైనా చెప్పాలి, అంకైనా చెప్పాలి, అంతకు మించి ఒక్క మాట చెప్పకూడదు. అలా చెప్పడానికీ ఎనిమిది బిళ్ళలే వుంటాయి. ఇక్కడ ఎంత తెలివైనవారికైనా పక్కవాళ్ళ కళ్ళు కావాలి.

సిరిసిల్లలో మా చిన్నమ్మ బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. ఇంగ్లీషు రాదు. పాండెమిక్‌లో అయితే ముక్కముక్కకీ ఎవరో ఒకరు చదివి పెట్టాలి, అంటే ఆవిడ మళ్ళీ ఒకరి నోటికింద వుండాలి. హనాబిలో రంగులు, అంకెలు, అంతే. చెప్పిన రంగు ఒక్కసారి విని ఆట ఆఖరిదాకా గుర్తు పెట్టుకుంది. వాళ్ళింటి పక్కనే సాంచాలు ఆడుతుంటాయి. ఆ మరమగ్గాల చప్పుడులో మాట వినపడక అక్కడివాళ్ళకి కనుసైగలు అలవాటు. వచ్చిన చిక్కల్లా అదే. ఈ ఆటలో సైగ చేసినా దొంగాటే! చిన్నమ్మ కనుబొమ్మలు ఆపడం మా వల్ల కాలేదు.

ఇద్దరే వుండే ఇంటికైతే స్కై టీమ్ ఇవ్వండి. లూక్ రెమోఁ అనే ఆయన చేసింది, 2024లో అదే జర్మనీ బహుమతి వచ్చింది. ఒకరు పైలట్, ఒకరు కోపైలట్. పాచికలు వేశాక మాట్లాడుకోకుండా విమానాన్ని కిందికి దించాలి. దుబాయి నుంచి రెండు నెలల సెలవుమీద వచ్చిన భర్త, యేడాదంతా ఇల్లు ఒంటిచేత్తో నడిపిన భార్య ఎదురెదురుగా కూర్చుని ఆడవలసిన ఆట.

ఇక కొనేముందు చూసుకోవలసినవి ఒకటి రెండు వున్నాయి. ఆటల పిచ్చివాళ్ళ దగ్గర పేరున్న పెట్టె అప్పటికే వుండి తీరుతుంది. వాళ్ళ బీరువా ఫొటో పిల్లల చేత రహస్యంగా తెప్పించుకోండి. కొన్ని పెట్టెలు విడిగా ఆడేవి కావు, అసలు ఆటకి అనుబంధాలు. అసలుది లేనివాళ్ళకి అది ఇస్తే పావుకోళ్ళలో ఒక్కటే ఇచ్చినట్టు. ఎగ్జిట్ అని ఇంకో రకం వుంది. కార్డులు కత్తిరించి, మడిచి, చింపి రహస్యం ఛేదించాలి, ఒక్కసారి ఆడితే సరి. ఆట బాగానే వుంటుంది. కానీ చింపేస్తున్నంతసేపూ మా అమ్మ ముఖం చూడలేకపోయాం.

డబ్బు పెట్టలేమనుకునేవాళ్ళకి ఒక ఉపాయం చెబుతాను. 2019లో బహుమతి పొందిన జస్ట్ వన్ అన్న ఆటలో ఒకరు కళ్ళు మూసుకుంటే మిగతావాళ్ళు ఒక మాట చూసి, ఆ మాట తట్టేలా తలా ఒక్క పదం రహస్యంగా రాస్తారు. ఏ ఇద్దరు ఒకే పదం రాసినా అవి కొట్టేయాలి. మిగిలినవి చూసి కళ్ళు మూసుకున్నవాళ్ళు చెప్పాలి. పెట్టెలో వున్నవి ఇంగ్లీషు మాటలు. నేను ఆ పద్ధతి తీసుకుని, పాత శుభలేఖల వెనకవైపు తెలుగు మాటలు వంద రాసి, ఒక స్వీటు డబ్బాలో పెట్టి కోరుట్ల పంపాను.

మొదటి మాట బతుకమ్మ. పెద్దబావగారు పూలు అని రాశారట, అక్క కొడుకూ అదే రాశాడట. రెండూ కొట్టేశారు. అక్క చెరువు అని రాసింది. చిన్న యారాలు రాసింది తంగేడు. కళ్ళు మూసుకున్న పిల్ల తంగేడు చూసి టక్కున చెప్పేసిందట.

మరో వంద మాటలు పంపమని ఫోను చేశారు.