మూట దించాక

పోయిన ఆదివారం మనసు నిండిన పని ఒకటి చేశాననుకున్నాను. బుధవారానికల్లా అది సగం పనేనని తేలింది. ఈ వారం ఆ మిగతా సగం గురించే.

తడ హైవే పక్కన నేను రోజూ టీ తాగే బడ్డీ దగ్గర ఒక కుర్రాడు బండి ముందు గొంతుక్కూర్చుని చక్రం వంకే చూస్తున్నాడు. విజయవాడ నుంచి పాండిచ్చేరి పోతున్నాడు. వెనక స్టాండు మీద పెద్ద పెట్టె, దాని మీద గుడారం, దానిపైన ఇంకో సంచి. "ఎనభై దాటితే ఊగుతోంది బాబాయ్. కోన్ సెట్ రెండుసార్లు మార్పించా. ముందు టైరు కొత్తది వేయించా. అయినా పోలేదు" అన్నాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాట తెలిసిందే: గాలి, మూట, ఆ తర్వాతే పానా. బండి పేచీ పెడితే ముందు టైర్లలో గాలి చూడు, తర్వాత మూట దించి చూడు, అప్పటికీ తగ్గకపోతేనే పానా పట్టుకో. డబ్బు ఖర్చులేని పరీక్షలన్నీ అయ్యాకే డబ్బయ్యే పని. ఏళ్లుగా ఇదే చెబుతున్నాను. మా ఊరు 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారినా మా యాస నెల్లూరుదే ఉండిపోయినట్టు, నా మాట కూడా మారలేదు.

ఆ కుర్రాడి రెండు కోన్ సెట్ల డబ్బూ ఒక్క మాట సరిగా వినకపోవడం వల్ల పోయింది. బండి జబ్బులకు తెలుగులో చక్కటి మాటలున్నాయి. వణుకు, ఊగుడు, లాగుడు, అదురు. నాలుగూ వేరు. వణుకు ముందు భాగంలో పుడుతుంది. హ్యాండిల్ ఒక్కటే సెకనుకు ఆరు నుంచి పదిసార్లు టకటకా కొట్టుకుంటుంది. వేగం తగ్గించేటప్పుడు, చేతులు తేలిగ్గా వేసినప్పుడు ఎక్కువ. అక్కడ అనుమానం హ్యాండిల్ తిరిగే బేరింగుల మీదికీ, అంటే కోన్ సెట్ మీదికీ, ముందు టైరు మీదికీ పోవాలి. ఊగుడు అలా కాదు. బండి మొత్తం పాములా మెలికలు పోతుంది. సెకనుకు రెండు, మూడు సార్లు. వేగం పెరిగేకొద్దీ పెరుగుతుంది. దీని వేళ్లు ఎక్కువగా వెనకవైపు ఉంటాయి. లాగుడంటే బండి ఎప్పుడూ ఒకే పక్కకు పోవడం. రెండు చక్రాలూ ఒకే వరసలో లేకపోయినా, ఫోర్కు మెలిపడినా, మూట ఒక పక్కకు వేలాడినా లాగుతుంది. అదురు ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే వచ్చి పోతుంది. అది చాలాసార్లు గుండ్రం తప్పిన చక్రం.

1971లో రాబిన్ షార్ప్ అనే శాస్త్రవేత్త మోటార్‌సైకిల్ స్థిరత్వం మీద రాసిన పత్రంలో ఈ వణుకునీ ఊగుడునీ లెక్కలు కట్టి విడదీసి చూపించాడు. రెండూ పుట్టే తీరు వేరు, పెరిగే వేగాలు వేరు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

"హ్యాండిలొక్కటే కొట్టుకుంటోందా, నడుం కింద బండంతా కదులుతోందా?" అని అడిగాను. కుర్రాడు కాసేపు కళ్లు మూసుకున్నాడు. "నడుం కింద" అన్నాడు. ఊగుతోందని అతను మొదటినుంచీ సరిగ్గానే చెబుతున్నాడు. విన్నవాళ్లే దాన్ని వణుకు చేసుకున్నారు.

అయినా కోన్ సెట్ చూశాను. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని వేలితో మెల్లగా తిప్పాలి. సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు తగిలితే గిన్నెలు అరిగాయని అర్థం. ఫోర్కు కాళ్లను కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగినప్పుడు టక్కుమంటే వదులు. మరీ బిగించినా తప్పే, నెమ్మదిగా పోయేటప్పుడు బండి తాగినవాడిలా తూలుతుంది. ఇక్కడ ఏ తేడా లేదు. గాలి సరిగ్గా ఉంది. వెనక టైరు మధ్యలో కొంచెం చదునైంది. నెల్లూరు నుంచి ఇక్కడిదాకా తాడు పట్టినట్టుండే రోడ్డు మీద తిరిగే టైర్లన్నీ అంతే.

ఇక మిగిలింది మూట. పెట్టె, గుడారం, సంచి అన్నీ బడ్డీ దగ్గర దించేసి, ఆరంబాక్కం దాకా పోయి రమ్మన్నాను. తిరిగొచ్చినప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలి. "తొంభై పోయా బాబాయ్, ఊగనే లేదు!" వెనక ఇరుసుకంటే వెనగ్గా, ఎత్తులో పెట్టిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, ఊగుడుకి ఊతమిస్తుంది. బరువైనవన్నీ పక్కలకి, కిందికి దింపించాను. నంబరు తీసుకుని పంపించాను. ఇంకోసారి నా మూడు మాటలే గెలిచాయని ఇంటికొచ్చాను.

కాలమ్ అక్కడితో ముగించాల్సింది. కానీ ఆ రాత్రి నాకు భీమునివారిపాలెం రేవు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మా నాయనతో కలిసి అక్కడినుంచి పడవెక్కి పులికాట్ సరస్సులో ఇరకం దీవికి పోయేవాళ్లం. ఆ నీళ్లు లోతు తక్కువ, పడవవాడు గెడ వేసి తోసేవాడు. ఎక్కడానికి ముందే మనుషుల్ని కళ్లతో తూచేవాడు. "పెద్దాయనా, నువ్వు నడుమ కూచో. అమ్మా, నువ్వు ఈ పక్కకి. బియ్యం బస్తా ముందుకి." అందరూ సర్దుకున్నాక పడవ నీళ్ల మీద పళ్లెంలా నిలబడేది. బరువు సంగతి నేను మొదట నేర్చుకున్నది ఏ బండి పుస్తకంలోనూ కాదు, ఆ పడవలో.

ఒకరోజు ఎంత సర్దినా పడవ ఎడమకి ఒరిగింది. పడవవాడు రెండు బస్తాలు కుడికి జరిపాడు, నన్ను ఎత్తి ఆ బస్తాల మీద కూచోబెట్టాడు. పడవ నిలబడింది. ఏ ఇబ్బందీ లేకుండా ఇరకం చేరాం. నాలాంటి పిల్లాడికి అక్కడితో కథ అయిపోయింది. ఆయనకు కాలేదు. మనుషులూ బస్తాలూ దిగాక పడవని ఇసక మీదికి లాగి, లోపలి చెక్కలు తీసి, ఎడమ పక్క పలకల సందులన్నీ బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. ఒకచోట నీళ్లు ఊరుతున్నాయి. "సరిపోయింది గదన్నా, ఇంకేంది?" అని మా నాయన అడిగితే, "నేను బస్తాలు జరిపాను. సందు యాడుండేదాడే ఉంది" అన్నాడు. పాత నార పీకి కొత్త నార కుక్కిందాకా ఆ పడవ మళ్లీ నీళ్లలోకి దిగలేదు.

ఆ బొటనవేలు గుర్తొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. కుర్రాడి బండి విషయంలో నేను చేసింది బస్తాలు జరపడమే. అలాంటి బండ్ల మీద అంతకంటే ఎక్కువ బరువుతో మా ఊరి మీదుగా ఎంతమంది పోవడంలేదు? వాళ్లెవరూ ఎనభైకి ఊగడంలేదే! అదే షార్ప్ 1974లో రాసిన ఇంకో పత్రం ఫ్రేము బిగువు గురించి. వెనక చక్రానికీ ఫ్రేముకీ మధ్య పట్టు సడలితే మొదలైన ఊగుడు తొందరగా అణగదని దాని సారం. ఎప్పుడో చదివిన సంగతి. ఆదివారం పొద్దున నాకు అవసరమైనప్పుడు గుర్తురాలేదు.

సోమవారం ఫోన్ చేశాను. "మూట లేకుండా, వెనక చక్రం గాల్లోకి లేపి, ఆ చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ చివర పట్టుకుని పక్కలకి ఊపించు. టైరు పట్టుకుని కాదు నాయనా, ఆర్మ్ పట్టుకుని. టైరు పట్టుకుని ఊపితే వీల్ బేరింగ్ వదులో, ఆర్మ్ వదులో తెలియదు" అన్నాను. సాయంత్రం ఫోటో పంపాడు. స్వింగ్ ఆర్మ్ బుష్‌లు ఒక పక్క పూర్తిగా అరిగిపోయాయి, ఇరుసు తుప్పెక్కి ఉంది. గ్రీజు ముఖం చూసి ఎన్నాళ్లయిందో.

దాదాపు రెండు వందల కిలోమీటర్లు ఆ బండిని "సరిపోయింది, పో" అని నేనే పంపాను. ఈ మాట రాయడం నాకు బరువుగా ఉంది, అయినా రాయాలి. ఇన్నేళ్లుగా నేను చెప్పిన మూడు మాటల్లో మూట రెండోది. దాన్ని దించితే జబ్బు తగ్గిందంటే జబ్బు మూటలో ఉందని నేను నమ్మాను, మీతోనూ నమ్మించాను. బరువు చాలాసార్లు జబ్బు కాదు, జబ్బుని బయటపెట్టే సాక్షి. సాక్షిని దించేస్తే బండి మాట్లాడటం మానేస్తుంది, బుష్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. వర్షంలో, లారీ పక్కన, నూరు దగ్గర మళ్లీ నోరు విప్పుతుంది.

గాలి ముందు చూడండి, అందులో మార్పు లేదు. మూట దించి చూడండి. కానీ ఊగుడు ఆగిందని సంతోషపడి వెళ్లిపోకండి, పానా పట్టాల్సింది అప్పుడే. కోన్ సెట్, వీల్ బేరింగ్, స్వింగ్ ఆర్మ్, చైను దగ్గర చక్రం వరస, అన్నిటినీ చేత్తో పట్టి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది నయం చేసిందో ఎప్పటికీ తెలియదు.

బుధవారం కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. కొత్త బుష్‌లు వేయించాడు. ఆ తర్వాత నేను చెప్పకుండానే ఒక పని చేశాడు. పెట్టె, గుడారం, సంచి అన్నీ మొదట ఎలా ఉన్నాయో అలాగే వెనక ఎత్తున కట్టి, ఖాళీ రోడ్డు చూసుకుని ఎనభై దాకా పోయాడు. ఊగలేదు. మళ్లీ ఆగి, మూటలన్నీ విప్పి, బరువైనవి కిందికి సర్దుకుని బయల్దేరాడు.

"ఎందుకట్టా చేశావు?" అంటే, "మూటుంటేనే గదా బాబాయ్ తెలిసేది" అన్నాడు.